ఆదివారం చచ్చిన చేప

సోమవారం పొద్దున్న దానమ్మ కొట్టుకి వచ్చేసరికి తొట్టి మీద గుడ్డ కప్పి ఉంది. గుడ్డ కప్పి ఉందంటే లోపల ఒకటి చచ్చిందన్నమాట. ఆమె చెప్పులు విడిచి, చీపురు తీయబోయి మళ్లీ మూలనే పెట్టేసి, ముందు తొట్టి దగ్గరికి వెళ్లింది.

నరసన్నపేట బజారులో రంగనాథం గారి బట్టల కొట్టులో అడుగుపెట్టగానే ఎడమవైపు కనిపించేది ఆ ఆరడుగుల గాజు తొట్టే. గుమ్మానికి ఆ పక్క నీళ్లుండాలని వాస్తు చెప్పినాయన అంటే, ఆ నీళ్లలో ఏముండాలో కోడలు రాధిక ఎంచింది. రెయిన్‌బో చేపలు. ముందు సగం నీలం, వెనక సగం నారింజ. పక్కకి తిరిగినప్పుడల్లా డబుల్ షేడ్ చీర మడత విప్పినట్టుంటుందని సేల్స్ అమ్మాయిలు వాటికి పట్టుచేపలని పేరు పెట్టారు. ఉగాదికి ముప్ఫై వచ్చాయి. శ్రావణం వచ్చేసరికి పదమూడు మిగిలాయి. ఇప్పుడు గుడ్డ తీస్తే పన్నెండు.

చచ్చినది అడుగున రాయి పక్కన పడి ఉంది. కళ్లు లేవు. పొట్ట దగ్గర మెత్తనిదంతా పోయి ముల్లు తెల్లగా కనిపిస్తోంది. మిగతావి ఇంకా వచ్చి ఒక్కో పోటు పొడుచుకుని పోతున్నాయి. నిన్న పొద్దున్నే చచ్చి ఉంటుంది. ఆదివారం దానమ్మ ప్రార్థనకి వెళ్తుంది, కొట్టుకి రాదు. మిగతా ఆరు రోజులూ ఏది చచ్చినా తెల్లారగానే ఆమె తీసేస్తుంది. ఆదివారం చచ్చిన చేప మాత్రం సోమవారం దాకా ఆమె కోసం ఆగాల్సిందే. రంగనాథం గారింట్లో ఎవరూ నీచు ముట్టరు. బతికున్న చేప లక్ష్మి, చచ్చిన చేప నీచు. ఒకటి రెండోది కావడానికి ఎంతసేపు పడుతుందో ఆయన ఎప్పుడూ ఆలోచించలేదు. పట్టుచీరలు పట్టే చేతులని సేల్స్ అమ్మాయిల్నీ ముట్టనివ్వరు. జాకెట్టు లైనింగుల తానులోంచి ఒక ముక్క చింపించి, కొనడానికి వచ్చినవాళ్ల కంట పడకుండా కప్పిస్తారు, అంతే.

దానమ్మ ఎడమ చేత్తో చేపని తీసి పాత పేపర్లో చుట్టింది. ఆమెది కుడిచేతివాటమే. కానీ ఆ చేతి నడిమివేలి కణుపు మీద రేగిపండంత గడ్డ లేచి ఊదారంగుకి తిరిగింది. నెలరోజులుగా మానదు, పగలదు. పోయిన వారం మణికట్టు దగ్గర ఇంకోటి, దాని పైన ఇంకోటి, వరసగా లేచాయి. పెద్ద నొప్పేమీ లేదు. నొప్పి లేకపోవడం వల్లే ఆమె పట్టించుకోలేదు. పసుపు రాసి గుడ్డపీలిక చుట్టి, పైట కొంగు కింద దాచుకుని తిరుగుతోంది.

రంగనాథం గారు వచ్చారు. తొట్టివైపు చూడకుండా పటాలకి అగరుబత్తి వెలిగించి, వీపు అటు పెట్టే అడిగారు.

"తీసీసావేటే?"

"తీసీసినాను బాబూ."

అప్పుడు తిరిగారు. చేపల్ని లెక్కపెట్టారు. తరవాత ఆయన కళ్లు ఆమె కొంగు మీదికి వచ్చాయి. తడి తగిలి కొంగు చేతికి అంటుకుపోయి, పసుపు గుడ్డ బయటపడింది.

"ఆ చెయ్యేటి? అలా ఉంది?"

"రాయి గీసుకున్నాది బాబూ. తొట్టి కడిగినప్పుడు."

"పుండు చెయ్యి పెట్టి తొట్టి కడుగుతున్నావా! అదీ సంగతి. నీళ్లు మార్పించాను, మందులు పోయించాను, ఇంత చేసినా ఎందుకు చస్తున్నాయిరా బాబూ అనుకుంటున్నాను." ఆయన గొంతు పెంచలేదు. చీర ధర చెప్పినంత మామూలుగా చెప్పారు. "నీ చెయ్యి మంచిది కాదే దానమ్మా. ఇంకోటి చచ్చిందంటే నువ్వు రానక్కర్లేదు. వేరే మనిషిని చూసుకుంటాను."

దానమ్మకి కోపం రాలేదు. రావాల్సిందే. ఆమెకి వచ్చింది భయం, అదీ ఉద్యోగం గురించి కాదు. మూడు ఆదివారాలుగా ప్రార్థనలో మోకాళ్ల మీద కూర్చుని ఆమె అడుగుతున్నది కూడా ఇదే. ప్రభువా, నా చేతిలో ఏముందో అది వాటికి అంటకుండా చూడు అని. తన మనసులో ఉన్న మాటే ఎదుటివాళ్ల నోట వచ్చేసరికి ఇక అనుమానం కూడా మిగల్లేదు. బకెట్టు తీసుకుని నేల తుడవడానికి కూర్చుంది.

మంగళవారం శ్రీకాకుళం నుంచి ఈశ్వర్ వచ్చాడు. చేపలు అమ్మింది అతనే. చిన్న చిన్న గాజు గొట్టాల్లో తొట్టి నీళ్లు పట్టి, ఒక్కోదాంట్లో రెండేసి చుక్కలు వేసి, రంగు మారేదాకా వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు. హీటరు చూశాడు. గాలి కొట్టే మిషను విప్పి, ఊది, మళ్లీ బిగించాడు. ఫిల్టరు స్పంజి వాసన చూశాడు.

"నీళ్లు బావున్నాయి సార్. మనం తాగొచ్చు."

"నువ్వు తాగు ముందు," అన్నారు రంగనాథం గారు.

ఈశ్వర్ నవ్వలేదు. ఉప్పు వేశాడు, నీలం మందు వేశాడు, పచ్చ పొడి వేశాడు. సంచిలో ఇంక సీసాలు లేవు. తొట్టి వెనక మూల, ఫిల్టరు గొట్టం చాటున ఒక చేప విడిగా నిలబడి ఉంది. పొట్ట లోపలికి పోయింది, వెన్ను వంగింది, పక్కన పొలుసులు లేచి ఎర్రగా పుండు పడింది. అతను దాన్ని చాలాసేపు చూశాడు.

"నీళ్లలో తేడా ఉంటే అన్నీ ఒకేసారి పోవాల. ఇవి ఒకదాని తరవాత ఒకటి పోతన్నాయి. నాకేటి అర్థం కావట్లేదు సార్, నిజం సెప్తన్నాను."

"దాని చెయ్యి చూడు," రంగనాథం గారు గడ్డంతో దానమ్మ వైపు చూపించారు. "ఆ పుండు నీళ్లు తొట్లో కలిస్తే?"

ఈశ్వర్ అటు చూశాడు. ఒక్క క్షణమే. అతని నెత్తి మీది నుంచి బరువు దిగడం అతని ముఖంలోనే కనిపించింది.

"అవ్వొచ్చు సార్. ఎందుకవ్వకూడదు."

దానమ్మ తుడుస్తున్న చోటే మళ్లీ తుడిచింది. ఆ మాట అని అతను సంచి సర్దుకుని బస్సు టైమైందని వెళ్లిపోయాడు.

రాధిక మాత్రం ఊరుకోలేదు. డిగ్రీలో తనకి జువాలజీ చెప్పిన విశాలి మేడమ్‌కి ఫోన్ చేసింది. చచ్చినది పనికిరాదు, బతికుండగా జబ్బుపడ్డదాన్ని పంపమని ఆవిడ అన్నారు. తీసుకెళ్లేది ఎవరన్న ప్రశ్న ఆ ఇంట్లో ఎవరికీ రాలేదు. బుధవారం పొద్దున్న దానమ్మ వంగిన చేపని చిన్న వలతో పట్టి, తొట్టి నీళ్లు పోసిన దళసరి కవర్లో వేసి, గాలి నింపి మూతి బిగించి, సంచిలో పెట్టుకుని శ్రీకాకుళం బస్సెక్కింది.

కిటికీ పక్క సీటు దొరికింది. సంచి ఒళ్లో పెట్టుకుని, బస్సు గతుకుల్లో పడ్డప్పుడల్లా కవరు కింద ఎడమ చెయ్యి పెట్టి ఎత్తి పట్టింది. పక్కనున్న ముసలమ్మ తొంగి చూసింది.

"సేపేటే? కూరకా?"

"కాదమ్మా. డాక్టరు దగ్గరికి."

ముసలమ్మ ఆమె ముఖంలోకి ఒకసారి చూసి, తన సంచి దగ్గరికి లాక్కుంది.

కాలేజీ ల్యాబులో ఫ్యాను తిరుగుతోంది కానీ గాలి రావడం లేదు. విశాలి మేడమ్ నలభై దాటిన మనిషి. ముక్కుపుడక, నూలు చీర, చేతులకి పల్చటి రబ్బరు తొడుగులు. చేపని గాజు గిన్నెలోకి మార్చి, లవంగ నూనె కొన్ని చుక్కలు కలిపారు.

"నొప్పి తెలీకుండా పోతుంది. కాసేపు ఆగుదాం."

చేప పక్కకి ఒరిగింది. మూతి నెమ్మదిగా కదిలి ఆగింది. ఆవిడ ఇంకాసేపు ఆగి, పళ్లెంలోకి తీసి, చిన్న కత్తెరతో పొట్ట కత్తిరించారు. సూది మొనతో లోపల విడదీసి దానమ్మని దగ్గరికి పిలిచారు. కాలేయం మీద, దాని వెనకున్న ఇంకో భాగం మీద, గసగసాలు చల్లినట్టు తెల్లటి గింజలున్నాయి.

"ఇవి ఉండకూడదు," అన్నారు.

ఒక గింజని రెండు గాజు పలకల మధ్య నలిపి, ఆరబెట్టి, మంటకి చూపించి, ఎర్ర రంగు పోసి, కడిగి, నీలం రంగు పోసి మళ్లీ కడిగారు. అరగంట పైనే పట్టింది. దానమ్మ నిలబడే ఉంది. స్టూలు చూపించినా కూర్చోలేదు. తన నేరం రుజువు కావడానికి ఎంతసేపు పడుతుందో చూస్తున్నట్టు గోడ గడియారం చూస్తూ ఉంది.

మేడమ్ మైక్రోస్కోపులోంచి తల ఎత్తి, "నువ్వూ చూడు," అన్నారు.

ఒక కన్ను మూసి చూసింది. నీలం మీద ఎర్ర దారప్పోగుల్లాంటివి, చిన్నవి, చిక్కుపడి ఉన్నాయి.

"మనుషులకి టీబీ వస్తే కళ్లె పరీక్షకి వాడే రంగే ఇది. ఇది ఆ టీబీ కాదు, దానికి దూరపు చుట్టం. నీళ్లలో ఉంటుంది, చేపలకి పడుతుంది. ఈ రెయిన్‌బోలకి మరీనూ. కొన్నప్పుడే ఒకటో రెండో పట్టుకొచ్చి ఉంటాయి. సరే గానీ, చచ్చిన చేప తొట్లో ఎంతసేపు ఉంటుంది?"

"నానున్నంత వరకు ఎప్పటికప్పుడు తీసీస్తాను మేడంగారూ. ఆదివారానివైతే సోమారం తీస్తాను."

"రోజంతా లోపలే? మిగతావి దాన్ని పీక్కు తింటున్నా?"

"మరి బాబుగారోళ్లు నీచు ముట్టరు కదమ్మా."

విశాలి మేడమ్ పెన్ను తీశారు. కాగితం మీద రాసుకున్నారు. దానమ్మ ఇంక ఆగలేకపోయింది. రేపు పని పోయినా పోతుంది, ఇక్కడ చెప్పకపోతే ఇంకెక్కడా చెప్పలేదు. కొంగు తీసి, పీలిక విప్పి, చెయ్యి ముందుకి చాపింది.

"మేడంగారూ, ఇదుగో. ఈ సెయ్యే తొట్లో పెట్టినాను. నావల్లే సచ్చిపోతన్నాయి. సెప్పీండి, నానేటీ అనుకోను."

మేడమ్ తొడుగులు మార్చుకుని ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నారు. దీపం దగ్గరికి జరిపి వేలి గడ్డ చూశారు. అక్కడి నుంచి మణికట్టు, మణికట్టు నుంచి పైకి, వరసగా లేచిన గడ్డల్ని ఒక్కొక్కటే వేలితో ముట్టి చూశారు.

"ఎన్నాళ్లయింది?"

"నెల పైమాటే. మావూరి డాక్టరుబాబు ముల్లు ఇరిగిందని మలాము ఇచ్చినాడు."

"చేపలు చావడం ఎప్పుడు మొదలైంది?"

"అది ముందే. ఎండాకాలంలోనే."

"మరి? నీ చేతి నుంచి వాటికి ఎలా వెళ్తుంది?" ఆవిడ గొంతులో కోపం ఉంది. అది దానమ్మ మీద కాదు. "వాటి నుంచే నీకు వచ్చి ఉంటుందమ్మా. రాయి గీసుకున్న చోట లోపలికి పోయింది. నేను డాక్టర్ని కాను, అనుమానమే చెప్తున్నాను. మనిషి నుంచి మనిషికి అంటదు. మందులున్నాయి, నెలల తరబడి వాడాలి, తగ్గుతుంది. కానీ పెద్దాసుపత్రిలో చేపల తొట్టి కడుగుతానని నువ్వే చెప్పాలి. చెప్పకపోతే వాళ్లకి తట్టదు."

దానమ్మ తల ఊపింది. ఆ మాట వినగానే గుండెల మీద బండ దిగాలి. దిగలేదు. మూడు వారాలు మోకాళ్ల మీద కూర్చుని అడిగినదంతా అనవసరమైపోయిందని మాత్రం తోచింది. మేడమ్ రెండు కాగితాలు రాశారు, ఒకటి చేపలకి, ఒకటి చేతికి. మోచేతి దాకా వచ్చే రబ్బరు తొడుగులు ఒక జత ఇచ్చి, ఇక మీదట ఇవి లేకుండా ఎవ్వరూ తొట్లో చెయ్యి పెట్టకూడదని మరీ మరీ చెప్పారు.

సాయంత్రం కొట్టులో రాధిక మొదటి కాగితం పైకి చదివింది. చేపలకి వైద్యం లేదు. ఉన్నవాటిని నొప్పి తెలీకుండా పోగొట్టి, తొట్టి బ్లీచింగుతో కడిగి ఎండబెట్టాలి. చచ్చినదాన్ని మిగతావి తినడం వల్ల జబ్బు పాకింది, వెంటనే తీసెయ్యాల్సింది. ఆ ముక్క దగ్గరికి వచ్చేసరికి రాధిక గొంతు తగ్గిపోయింది. చదవడం ఆపి మావగారి ముఖం చూసింది.

రంగనాథం గారు మడత పెడుతున్న చీర అంచులు కలిపి చూసుకున్నారు.

"అయితే ఆ ఈశ్వర్ జబ్బు చేపలు అంటగట్టాడన్నమాట. చూస్తాను వాడి సంగతి."

దానమ్మ ఇంకో మాట కోసం నిలబడింది. ఇప్పుడు అంటారు, నీ చేతి వల్ల కాదటే అని. ఆయన రెండో కాగితం అందుకున్నారు.

"ఇదేటి?"

"నా సెయ్యికి బాబూ. పెద్దాసుపత్రికి."

ఆయన చదివారు. ఒకచోట ఆయన చూపు ఆగింది. కాగితాన్ని చీరని మడిచినంత జాగ్రత్తగా మడిచి ఆమె చేతికిచ్చారు.

"టీబీ అన్న మాట బజార్లో అనకు. శ్రావణమాసం, నాలుగు బేరాలు వచ్చే రోజులు. ఈ శుక్రవారం గడవనీ. సోమవారం నువ్వొచ్చి, ఆవిడ చెప్పిన లవంగ నూనేదో వేసి, అవన్నీ తీసీ. మేం మా చేతులతో చంపలేం కదే."

"మరి నా సెయ్యి బాబూ?"

"తొడుగులు ఇచ్చిందిగా."

శుక్రవారం కొట్టు కిటకిటలాడింది. తొట్టిలో లైటు వేశారు. పదకొండు చేపలూ ఆ చివరి నుంచి ఈ చివరికి తిరుగుతూ మెరుస్తూనే ఉన్నాయి. లోపల జబ్బున్నది ఏదో పైకి తెలియదు. పిల్లలు గాజు మీద వేళ్లతో కొట్టారు. దానమ్మ గుమ్మంలో నీళ్ల మరకలు తుడిచింది, టీ గ్లాసులు కడిగింది, తొట్టి దగ్గరికి వెళ్లలేదు. కొత్త చీర కట్టుకున్న ఒకామె, "ఎంత బావున్నాయో, ఏం తిండి పెడతారు వీటికి?" అని అడిగింది. దానమ్మ విననట్టు పక్కకి జరిగిపోయింది.

శనివారం చీకటి పడబోతుండగా ఆమె రంగనాథం గారి ముందు నిలబడింది.

"సోమారం రాను బాబూ. ఆస్పత్రికి ఎల్తాను."

"పొద్దున్న ఆ పని కానిచ్చి, మధ్యాహ్నం వెళ్లు."

"ఓపీ పొద్దున్నే బాబూ."

"చూద్దాంలే," అన్నారాయన. అంటే వీల్లేదని. దానమ్మకి ఆ సంగతి తెలుసు. మేడమ్ ఇచ్చిన తొడుగులు మెట్ల కింద ఎర్ర బకెట్లో పెట్టి, మూత వేసి, ఇంటికి వెళ్లిపోయింది.

సోమవారం ఆసుపత్రి వరసలో ఆమె వంతు వచ్చేసరికి పది దాటింది. కుర్ర డాక్టరు గడ్డ చూసి మలాము పేరు రాయడం మొదలుపెట్టాడు.

"నాను సేపల తొట్టి కడుగుతాను బాబూ," అంది దానమ్మ. కాగితం ముందు పెట్టింది.

అతని పెన్ను ఆగింది. కాగితం చదివాడు, చెయ్యి మళ్లీ చూశాడు, లేచి వెళ్లి పెద్ద డాక్టరుని పిలుచుకొచ్చాడు. ఆయన వెనకాల నలుగురు విద్యార్థులు. అందరూ వంగి ఆమె చేతిని చూశారు. ఒకమ్మాయి ఫొటో తీసుకోవచ్చా అని అడిగింది. అలా అడిగి తీసుకున్నవాళ్లు దానమ్మకి అంతకుముందు ఎవరూ తగల్లేదు. మత్తు సూది వేసి, గడ్డలోంచి గింజంత ముక్క తీసి, పరీక్షకి పంపి, కట్టు కట్టారు. ఆ జబ్బే అయితే నాలుగైదు నెలలు మాత్రలు. ఈలోగా చెయ్యి తడపకూడదు. తొట్టిలో ఇక ఎప్పటికీ పెట్టకూడదు.

వరండాలో బల్ల మీద కూర్చుంది. మణికట్టు దాకా చెయ్యి తనది కానట్టే ఉంది. ఒళ్లో ఫోను మోగింది. ఎడమ చేత్తో తీసింది.

"ఒసే దానమ్మా, ఎక్కడున్నావే? నిన్న పొద్దుటి నుంచి గుడ్డ కప్పే ఉంది. పదకొండయింది, బేరాలు వస్తున్నాయి."

"ఆస్పత్రిలో ఉన్నాను బాబూ. సెయ్యి కోసినారు."

"ఎప్పుడొస్తావు?"

"తొట్లో ఇంకెప్పుడూ సెయ్యి పెట్టకూడదన్నారు."

గాలి కొట్టే మిషను చప్పుడు ఫోన్లో వినిపిస్తోంది. అంటే ఆయన తొట్టి పక్కనే నిలబడి ఉన్నారు. బుధవారం నుంచి తను ఎదురుచూస్తున్న మాట ఇప్పుడైనా వస్తుందేమోనని దానమ్మ ఆగింది.

"మరి దీన్నెవరు తీస్తారు?" అన్నారాయన.

అప్పుడు వచ్చింది ఆమెకి కోపం. వారం రోజులు ఆలస్యంగా, మత్తుకి మొద్దుబారిన చేతిలో తప్ప ఒళ్లంతా వచ్చింది.

"మెట్ల కింద ఎర్ర బకెట్లో తొడుగులున్నాయి. ఇంకా ఉంచితే మిగతావి తినీస్తాయి. మీరే తీసీండి బాబూ."

"నేనా?"

"మీ సెయ్యి మంచిదే కదా బాబూ."

ఆయన పెట్టేస్తారనుకుంది. పెట్టలేదు. అడుగుల చప్పుడు వినిపించింది. బకెట్టు మూత కింద పడింది. రాధిక గొంతు, దూరం నుంచి, "మావయ్యగారూ, నేను తీస్తాను," అంటోంది. "నువ్వుండమ్మా," అన్నారాయన. తరవాత రబ్బరు లాగుతున్న చప్పుడు, ఆయాసం, మళ్లీ లాగుతున్న చప్పుడు.

చాలాసేపటికి గొంతు వచ్చింది. దానమ్మ ఆ గొంతు అంత చిన్నగా ఎప్పుడూ వినలేదు.

"ఇందులో కుడిచేతిది ఏదే?"

ఆమె ఒళ్లో ఉన్న తన కట్టు చేతివైపు చూసుకుంది.

"బొటనవేలు సూసుకుని ఏసుకోండి," అంది.

పక్కనున్నవాళ్లు జరగమంటే కొంచెం జరిగి కూర్చుంది. ఫోను పెట్టేయలేదు. అటువైపు గుడ్డ తీసిన చప్పుడైంది. నీళ్లు కదిలిన చప్పుడు వినిపించేదాకా చెవి దగ్గరే పట్టుకుని ఉంది.